కొట్టంలో తాగే నీరు ఎలాంటిది? మెట్ట ప్రాంతాల బోరు నీటిని పరీక్షించే పద్ధతి

మన సంఘాలకు పాలు పోయడానికి వచ్చిన సభ్యుణ్ణి గాని, సభ్యురాలిని గాని "మీ గేదె ఏమి తింటున్నది?" అని అడిగితే తడుముకోకుండా చెబుతారు. దాణా ఎన్ని కిలోలు, చొప్ప ఎన్ని కట్టలు, పచ్చిమేత ఏ రకం, అన్నీ లెక్కే. "ఏ నీళ్ళు తాగుతున్నది?" అని అడిగితే మాత్రం "బోరు నీళ్ళేనండీ" అని ఊరుకుంటారు. ఆ బోరు ఎంత లోతు, ఎప్పుడు వేసినది, ఆ నీటిని ఎవరైనా పరీక్షించారా అంటే జవాబు రాదు.

ఆవు పాలలో నూటికి 87 పాళ్ళు, గేదె పాలలో 82, 83 పాళ్ళు నీరే. లీటరు పాలు తయారు కావడానికి పశువు 3 నుంచి 5 లీటర్ల నీరు తాగవలసి ఉంటుంది. మండు వేసవిలో పాలిచ్చే పెద్ద పశువు రోజుకు 60 నుంచి 100 లీటర్ల దాకా తాగుతుంది. దాణా కంటే, చొప్ప కంటే ఎక్కువ బరువుగా దాని కడుపులోకి పోయేది నీరే. అయినా మనం కొలవకుండా పెట్టేది కూడా అదే.

ఈ పాఠం రాయడానికి మాకొక కారణం ఉంది. అది మా తప్పుతో మొదలైంది కనుక ముందుగా దానినే చెబుతాము.

కనిగిరి వైపు మన సంఘమొకటి ఉంది. కొన్నేళ్ళ క్రితం అక్కడి సభ్యులు మమ్మల్ని పిలిచి, ఊరి దిగువన ఉన్న పాత మోటబావి నీరు ఉప్పగా ఉన్నదని, గేదెలు మూతి పెట్టి వెనక్కు తీస్తున్నాయని, కొత్తగా వేసిన బోరు నీరు తియ్యగా ఉన్నదని, పశువుల తొట్టిని దానికి మార్చవచ్చునా అని అడిగారు. మేము సంచిలో నుంచి టి.డి.ఎస్. మీటరు తీసి రెండు నీళ్ళలోనూ ముంచాము. బావి నీరు 2,600 చూపింది. బోరు నీరు 900 చూపింది. ఇంకేమి ఆలోచన, బోరుకు మార్చుకోండి అని చెప్పి వచ్చాము. గేదెలు కడుపారా తాగాయి, పాలు కూడా కొంత పెరిగాయి. మమ్మల్ని మెచ్చుకున్నారు కూడా.

మూడు వేసవులు గడిచాక, గాలికుంటు టీకాలకు వెళ్ళిన పశువైద్యుడు పడ్డల నోళ్ళు తెరిచి చూసి ఆగిపోయాడు. పాలపళ్ళు రాలి కొత్తగా వచ్చిన ముందుపళ్ళు సుద్దముక్కల్లా తెల్లబారి, మధ్యలో గోధుమరంగు చారలతో ఉన్నాయి. రెండు పడ్డలు లేచేటప్పుడు కాళ్ళు బిగుసుకొని తడబడుతున్నాయి. అప్పుడు బోరు నీటిని ప్రయోగశాలకు పంపితే ఫ్లోరైడ్ లీటరుకు 3.8 మిల్లీగ్రాములు అని వచ్చింది. పశువులు వద్దన్న పాత బావి నీటిలో 0.8 మాత్రమే. ఆ ఇళ్ళలో మనుషులకు అప్పటికే కుళాయి నీరు వస్తున్నది. ఎదిగే దూడలకు మాత్రం మేము చెప్పిన నీరే దిక్కయింది.

నాలుక పట్టేవి, పట్టలేనివి

ఇందులో మా మీటరు అబద్ధం చెప్పలేదు, మేమే దానిని అడగకూడని ప్రశ్న అడిగాము. మనం టి.డి.ఎస్. మీటరు అనే పరికరం నిజానికి నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతున్నదో కొలిచి, ఆ అంకెను ఇంచుమించు 0.64తో హెచ్చించి కరిగిన లవణాల మొత్తం ఇంత అని చూపుతుంది. అది మొత్తం మాత్రమే. ఆ మొత్తంలో ఏది ఎంత అనేది దానికి తెలియదు. 900లో ఫ్లోరైడ్ 4 కంటే తక్కువ. అది ఉన్నా లేకున్నా మీటరు ముల్లు కదలదు. నాలుకకూ అంతే. ఉప్పును నాలుక పట్టగలదు, ఫ్లోరైడ్‌ను పట్టలేదు, నైట్రేట్‌ను పట్టలేదు. రంగు లేదు, వాసన లేదు, కాచినా పోవు. కాచితే నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి కూడా.

తియ్యటి నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండడం ఆశ్చర్యంగా తోచవచ్చు కాని, మన గ్రానైటు నేలల్లో ఇది తరచుగా జరిగేదే. రాతిలోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉంటుంది. నీటిలో కాల్షియం, అంటే సున్నపు అంశం, ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కూడి కరగని పదార్థమై అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువైన నీటిలో ఫ్లోరైడ్‌ను పట్టి ఆపేది ఉండదు కనుక అది కరిగి నిలిచిపోతుంది. సబ్బు బాగా నురగ వచ్చే నీరు, పప్పు త్వరగా ఉడికే నీరు మన ఇల్లాళ్ళు మెచ్చే నీరు. ఆ మెప్పుకు ఫ్లోరైడ్‌తో పని లేదు. అలాగని నురగ వచ్చిన ప్రతి నీటినీ అనుమానించనక్కరలేదు. పరీక్ష చేయించమని మాత్రమే మా మాట.

మెట్ట ప్రాంతాలకే ఈ బెడద ఎందుకు? అనంతపురం వంటి చోట ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండకు ఆవిరై పోగలిగినది దానికి ఎన్నో రెట్లు. పాలు కాచి కోవా చేసేటప్పుడు నీరు పోయి సారం మిగిలినట్టే, పైపొర నీరు ఆవిరై లవణాలు మిగులుతాయి. మిగతాది రాతి పగుళ్ళలోకి దిగుతుంది. అక్కడ అది ఏళ్ళ తరబడి రాతితో కలిసి ఉండి కషాయంలా సారాన్ని లాగుతుంది. నీటి మట్టం పడిపోయినకొద్దీ మనం బోర్లు లోతుకు దింపుతున్నాము. లోతుకు పోయినకొద్దీ ఎక్కువ కాలం రాతితో నానిన నీరు దొరకడానికి అవకాశం ఎక్కువ. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు పల్లెలు ఇందుకే దేశమంతటికీ తెలిసిపోయాయి. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకంలో రూపొందించింది. ఆ పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అన్న పేరు స్థిరపడింది.

ఒక్క సంగతి పాడి రైతులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను గురించిన తొలి వివరమైన వ్యాసం 1937లో షార్ట్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ప్రకటించినది. అది ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలను గురించినది. అంతకు కొంచెం ముందే, 1930 దశకం తొలి భాగంలో, మద్రాసు, హైదరాబాదు రాష్ట్రాల పశువులలో ఇటువంటి జబ్బును పశువైద్యులు గుర్తించి రాశారు. దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం రైతులే ముందుగా చూశారు. ఆ ఎడ్ల మాట అప్పుడే పూర్తిగా విని ఉంటే ఎంత బాగుండేదో!

నైట్రేట్ కథ వేరు. అది రాతి నుంచి కాదు, చాలావరకు మన చేతి నుంచే వస్తుంది. పెంటదిబ్బ, మూత్రపు గుంట, మరుగుదొడ్డి గుంత, పొలంలో మోతాదు మించిన యూరియా, వీటి సారం వానతో దిగి బావిని చేరుతుంది. పాడి ఎక్కువగా ఉన్న ఊళ్ళోనే ఇది ఎక్కువ కావడానికి అవకాశం ఉంది. పశువు పొట్టలో నైట్రేట్ నైట్రైట్‌గా మారి రక్తంలోకి పోతే రక్తం ప్రాణవాయువును మోయలేదు. ఊపిరి వేగం, తూలడం, నోటి లోపలి పొర నీలిబారడం, రక్తం చాక్లెట్ రంగుకు మారడం దీని గుర్తులు. వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. వాన ముఖం చాటేసిన ఏడు ఎదగని జొన్నలో కూడా నైట్రేట్ పేరుకుంటుంది. నీటిలో కొంత, మేతలో కొంత, రెండూ కలిసినప్పుడే ప్రమాదం. నీటి పరీక్ష ఒక్కటే చూసి "ఇది కొంచెమే కదా" అనుకోరాదు.

శాంపిలు తీయడం

ఈ పని మన టెస్టర్లకు కొత్తగా నేర్పవలసినది కాదు. క్యానును ప్లంజరుతో కలియబెట్టకుండా పైనుంచి పాలు ముంచితే వెన్న శాతం ఎలా తప్పుతుందో వారికి తెలుసు. నీటికీ అదే న్యాయం.

బోరు ఆన్ చేయగానే వచ్చేది రాత్రంతా పైపులో నిలిచిన నీరు. అది ఆ బోరు నీరు కాదు, పైపు నీరు. పది పదిహేను నిమిషాలు పారనిచ్చి ఆ తరువాత పట్టాలి. తొట్టిలో నుంచి, ట్యాంకులో నుంచి పట్టరాదు. ఒక లీటరు ప్లాస్టిక్ సీసా కావాలి. ఫ్లోరైడ్‌కు గాజు మంచిది కాదు, గాజుతో అది చర్య పొందుతుంది. మందుసీసాలు, నూనె డబ్బాలు అసలే వద్దు. ఆ నీటితోనే సీసాను మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా అంచు దాకా నింపి బిరడా బిగించాలి. ఫ్లోరైడ్ నిలకడైనది, నాలుగు రోజులు ఆలస్యమైనా చెడదు. నైట్రేట్ అలా కాదు, సీసాలోని సూక్ష్మజీవులు దానిని మార్చివేస్తాయి. కనుక చల్లగా ఉంచి ఒకటి రెండు రోజులలో ప్రయోగశాలకు చేర్చాలి. మన దగ్గర పాల శాంపిళ్ళకు ఐసు పెట్టె ఉండనే ఉన్నది, పాల బండి రోజూ జిల్లా కేంద్రానికి పోతూనే ఉన్నది. ఈ సౌకర్యం వ్యవసాయ సంఘాలకు లేదు, మనకు ఉంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.

మురుగు కలిసిందా లేదా అన్న పరీక్షకు వేరే సీసా, అదీ క్రిమిరహితం చేసినది కావాలి. దీనికి గ్వాలియర్‌లోని రక్షణ శాఖ శాస్త్రజ్ఞులు 1982లో ప్రకటించిన తేలిక పద్ధతి ఒకటి ఉంది. మందు కాగితం వేసిన చిన్న సీసాలో నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలినం కలిసిన నీరు నల్లబడుతుంది. పాల క్యాన్లు కడిగే నీటికి ఈ పరీక్ష తప్పక చేయించాలి. నల్లబడిన నీటితో కడిగిన క్యానులో పోసిన పాలు చిల్లింగ్ కేంద్రానికి చేరేలోగా విరిగితే, పాలు పోసిన వారిని అనడం న్యాయం కాదు.

ఎప్పుడు తీయాలి? ఏడాదికి రెండు సార్లు. వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో ఒకసారి. వేసవిలో నీరు చిక్కనవుతుంది కనుక లవణాలు అప్పుడు తెలుస్తాయి. నైట్రేట్ మాత్రం కొన్నిచోట్ల వానల తరువాతే పెరుగుతుంది, దిబ్బ సారాన్ని వాన లోపలికి తోస్తుంది కాబట్టి. ఇంకొక మాట, ఊరికి ఒక శాంపిలు చాలదు. వంద గజాల దూరంలోని రెండు బోర్లు వేర్వేరు పగుళ్ళ నీరు తోడుతుండవచ్చు. పక్క బోరు రిపోర్టు మన బోరుకు పనికిరాదు.

రిపోర్టును లెక్క పుస్తకంలా చదవడం

రిపోర్టు వచ్చాక కార్యదర్శులు చాలామంది చివరి గడిలో 'తాగుటకు యోగ్యము' అని ఉందా లేదా అని మాత్రమే చూసి మడిచి పెడుతున్నారు. ఆ గడి మనుషుల కోసం రాసినది. పశువుల సంగతి మనమే చదువుకోవాలి.

మొదట లెక్క సరిపోయిందో లేదో చూడాలి. పూటకు సంఘంలో పోసిన పాలు, బండి ఎక్కిన పాలు సరితూగవలె కదా! నీటిలో కూడా ధన విద్యుదావేశం గల అంశాలు, ఋణ విద్యుదావేశం గల అంశాలు సరితూగాలి. మిల్లీగ్రాములను ఒక్కొక్క దాని తుల్యభారంతో భాగిస్తే మిల్లీ ఈక్వివలెంట్లు వస్తాయి. పైన చెప్పిన బోరు రిపోర్టునే తీసుకుందాము. కాల్షియం 40ని 20తో భాగిస్తే 2. మెగ్నీషియం 36ను 12తో భాగిస్తే 3. సోడియం 230ని 23తో భాగిస్తే 10. పొటాషియం 4, అది 0.1. ఒకవైపు మొత్తం 15.1. రెండవ వైపు బైకార్బొనేట్ 488ని 61తో భాగిస్తే 8. క్లోరైడ్ 177ను 35.5తో భాగిస్తే ఇంచుమించు 5. సల్ఫేట్ 48ని 48తో భాగిస్తే 1. నైట్రేట్ 62ను 62తో భాగిస్తే 1. ఫ్లోరైడ్ 3.8ని 19తో భాగిస్తే 0.2. మొత్తం 15.2. రెండు వైపులా దాదాపు సమానం. నూటికి అయిదు, పది వరకు తేడా ఉన్నా సరిపెట్టుకోవచ్చు. తేడా ఇరవై, ముప్ఫై ఉంటే ఆ రిపోర్టులో ఏదో అంకె తప్పు. తిరిగి పరీక్ష చేయించమని అడిగే హక్కు మనకుంది.

లెక్క కుదిరిందనుకున్నాక ఒక్కొక్క అంకెనూ హద్దులతో పోల్చాలి. కరిగిన లవణాల మొత్తం లీటరుకు 1,000 లోపు పశువులకు చాలా మంచిది. 3,000 దాకా పరవాలేదు. అలవాటు లేని పశువుకు మొదట కొన్నాళ్ళు పలుచగా విరేచనం కావచ్చు. 3,000 నుంచి 5,000 దాకా ఉన్నది కూడా తాగగలదు, మొదట్లో మొండికేస్తుంది. 5,000 దాటితే చూడి పశువులకు, పాలిచ్చే వాటికి పెట్టరాదు. 10,000 దాటినది ఏ పశువుకూ వద్దు. అంటే మేము ఆనాడు కాదన్న 2,600 బావి నీరు పశువులకు పనికివచ్చే నీరే.

ఫ్లోరైడ్ మనుషులకు 1 దాటకుండా ఉండాలి, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చునని మన భారతీయ ప్రమాణం. పశువులకు 2 దాటరాదని పశుపోషణ నిపుణుల మాట. 3.8 అంటే దానికి ఇంచుమించు రెట్టింపు. నైట్రేట్ మనుషులకు 45 దాటితే యోగ్యం కాదు. పశువులకు 45 నుంచి 132 వరకు మేత సమతుల్యంగా, నైట్రేట్ తక్కువగా ఉన్నంతకాలం పెట్టవచ్చు. 220 దాటితే ప్రాణాపాయమే. సల్ఫేట్ దూడలకు 500, పెద్ద పశువులకు 1,000 లోపు ఉండాలి. కాఠిన్యం వల్ల పశువుకు పెద్ద కీడు లేదు, క్యాన్ల లోపల గట్టి పొర పేరుకోవడమే దాని చిక్కు. ఆ పొర కింద సూక్ష్మజీవులు దాగుతాయి.

ఇదే బోరుతో గడ్డి పెంచేవారు ఇంకొక తీసివేత చేయాలి. బైకార్బొనేట్ 8లో నుంచి కాల్షియం, మెగ్నీషియం కలిపిన 5 తీసివేస్తే 3 మిగిలింది. 2.5 దాటితే ఆ నీరు నేలను క్రమంగా చౌడు చేస్తుంది, నేల గట్టిపడి నీరు ఇంకదు. జిప్సం వాడకం గురించి వ్యవసాయాధికారిని అడగాలి.

ఏమి చేయాలి

ఆ సంఘంలో బోరు మూసివేయలేదు, మూస్తే వేసవిలో నీరే లేదు. బోరు నీరు ఒక పాలు, పాత బావి నీరు రెండు పాళ్ళు తొట్టిలో కలుపుతున్నారు. లెక్క చూడండి. 3.8కి 0.8ని రెండుసార్లు కూడితే 5.4, దానిని మూడుతో భాగిస్తే 1.8. లవణాల మొత్తం 2,000 చిల్లర. రెండూ హద్దులోనే ఉన్నాయి. కొత్త రుచికి గేదెలు నాలుగైదు రోజులు మొరాయించాయి, కొంచెం కొంచెంగా పాలు మార్చుతూ పోతే సర్దుకున్నాయి. బోరు పక్కనే ఉన్న పెంటదిబ్బను దిగువకు, యాభై అడుగులకు మించిన దూరానికి తరలించి, బోరు చుట్టూ సిమెంటు గట్టు కట్టారు.

దూడల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యేది ఆరు నెలల వయసు నుంచి మూడేళ్ళ లోపు. పళ్ళ మీద మచ్చ పడేది ఆ కాలంలోనే, తరువాత నీరు మార్చినా పోదు. కనుక నీరు చాలనిచోట మంచి నీటి తొట్టి దూడలకు, పెయ్యలకు ముందు, పెద్ద పశువులకు తరువాత. సాధారణంగా మనం దీనికి విరుద్ధంగా చేస్తాము, పాలిచ్చే దానికే మొదటి మర్యాద. పెద్ద పశువు తాగిన ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం ఎముకలకు, మూత్రానికి పోతుంది. పాలలోకి దిగేది అతి స్వల్పం. కనుక కొనేవారు భయపడవలసిన పని లేదు. నష్టం పశువుకు, దాని యజమానికి.

నీరు శుద్ధిచేసే ఆర్.ఓ. ప్లాంట్లు ఉన్న ఊళ్ళకు ఒక హెచ్చరిక. ప్లాంటు నుంచి బయటకు వదిలే వ్యర్థపు నీటిని వృథా చేయడమెందుకని పైపు తిప్పి పశువుల తొట్టికి పెట్టడం కొన్నిచోట్ల చూశాము. ఉద్దేశం మంచిదే. కాని సగం నీరు శుద్ధిచేసి సగం వదిలే ప్లాంటులో, శుద్ధమైన సగంలో నుంచి తీసినదంతా వదిలిన సగంలోకి చేరుతుంది. 3.8 ఉన్న నీటి నుంచి వచ్చే వ్యర్థంలో ఫ్లోరైడ్ 7 దాటవచ్చు. ఆ పైపు తొట్టిలో ఉంటే ఈ సంచిక చదివిన రోజే తీయించండి.

సంఘం రిజిస్టరులో నీటికి ఒక పేజీ కేటాయించి బోరు లోతు, వేసిన సంవత్సరం, శాంపిలు తేదీ, రిపోర్టు అంకెలు వరుసగా రాయాలి. సీసా మీద 'సర్పంచి గారి బోరు' అని రాసి పంపుతున్నారు. సర్పంచి మారతాడు, బోరు మారదు. సర్వే నంబరు వేయండి.

కనిగిరి వైపు సంఘంలో కలిపిన నీటితో పెరుగుతున్న దూడలు పదకొండు. వాటికి కొత్త పళ్ళు రావలసినది వచ్చే ఏడాది వేసవికి. పశువైద్యునితో పాటు మేమూ వెళ్ళి నోళ్ళు తెరిచి చూసి, కనిపించినది కనిపించినట్టు ఈ పేజీలోనే రాస్తాము.